ఎర్రొంక చింతకాడ ఆరే లైట్లు

ఎర్రొంక దాటినాక రోడ్డు మలుపులో ఉండే చింతమాను తెలుసు కదా మీకందరికీ, కాయలు రాలి కుళ్ళిపోతా ఉన్నా ఒక్కరూ ఏరుకోరు, గొర్లోళ్ళు కూడా మందను దూరంనుంచి తోలుకోని పోతారు, ఎందుకని మీ నాయనల్ని అడిగితే లారీ గుద్ది ఒక ముసల్ది చచ్చిందంటారు. లారీ లేదు, పాడూ లేదు. నన్నడగండి చెప్తా, ఆ కారుకు లైట్ల పని చేసిన చేతులివే. ఏమే సుబ్బీ, ఆ ఫోను పక్కన పెట్టు, వింటే విను, లేకుంటే పొయ్యి పండుకో.

చిన్నోబులేసని మనూరోడే, పాత తెల్లకారు ఒకటి బాడుగకు తోలేవాడు. దానికి ఒకటే రోగం, పది నిమిషాలు వెలిగి లైట్లు టప్పున ఆరిపోతాయి. నా షెడ్డుకు తెస్తే విప్పి చూసినా, స్విచ్చి లోపల కాలి నల్లగయ్యింది, వేడెక్కితే కరెంటు వదిలేస్తాంది, మార్చాల్రా అన్నా. తిరునాళ్ళ బాడుగలు కానీ మామా అన్నాడు. సరే, అంతవరకూ ఆరినప్పుడల్లా వంగి డ్యాష్‌బోర్డు కింద అరచేత్తో ఒక దెబ్బ ఎయ్యి, వెలుగుతాయని నేనే నేర్పిస్తి. నా నోరు పడిపోను!

ఇంగ ఆ చచ్చిన ముసల్ది మారెక్క. మొగుడు లేడు, పిల్లల్లేరు, ఉండేది ఎకరా ఉలవచేను. మన పక్క ఉలవకట్టె కోసి తార్రోడ్డు మీద పరిస్తే వచ్చే పొయ్యే బండ్లే తొక్కి గింజలు రాలుస్తాయి కదా, ఆమె కూడా ఆ చింతమాను కింద పరిచింది, పొద్దున ఓబులేసు పోతా ఉంటే చెయ్యెత్తి ఆపి, మళ్ళీ వచ్చేటప్పుడు నా కట్టె మీద ముందుకీ ఎనక్కీ మూడుమార్లు తొక్కించి పో నాయనా అని అడిగింది, వీడు అట్లే అవ్వా అన్నాడు.

పొద్దుగూకినాక వస్తా ఉన్నాడు. ముసల్ది ఎదురుచూసి ఎదురుచూసి, కాపలాకని ఆ కట్టెలోకే దూరి గొంగడి కప్పుకోని పండుకోనుంది. మలుపులో లైట్లు ఆరిపాయె. వీడు వంగి దెబ్బ ఏసినాడు, ఆ వంగినంత సేపట్లోనే చక్రం కింద మెత్తగా తగిలింది. ఉలవకట్టె మీద మెత్తగా కాక ఇంకెట్ల తగుల్తుంది చెప్పండి? లైట్లు వెలిగినాయి. వీనికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. రివర్సు గేరేసి ఎనక్కి వచ్చినాడు, మళ్ళీ ముందుకు పోయినాడు, మూడుమార్లు నింపాదిగా తొక్కించి, అవ్వ ఇంటికి పోయిందేమో అనుకోని, ఈల ఏసుకుంటా ఊర్లోకి వచ్చినాడు.

తెల్లారి చక్రం కడగబోతే చీరపేలిక చిక్కోనుంది. పరిగెత్తుకుంటా వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు, లైట్లదే కదా మామా తప్పు, అని. లైట్లదేరా అన్నా. నాకూ ఆ మాటే కావాల గదా! ఇద్దరం నోరు మూసుకున్నాం, ఊరు లారీ అనుకునింది.

ఆ తర్వాత ఆ కాలిన స్విచ్చి మార్చేసినా. అయినా చూడండి, పక్క ఊర్ల దాకా శుభ్రంగా వెలిగే లైట్లు ఆ చింతకాడికి పోతే చాలు ఆరిపోతాయి, దాటితే వెలుగుతాయి. ఫ్యూజు మార్చినా, రిలే, బల్బులు, ఆఖరుకు వైరింగంతా లాగేసి కొత్తది ఏసినా, ఎర్తు వైరు కింద తుప్పు గీకి బిగించినా. ఒక్కొక్కటి మార్చినప్పుడల్లా దొరికిందా మామా, దొరికిందా అని పసిపిల్లోని మాదిరి అడిగేవాడు. తప్పు కారులో ఉంటే వాడు అన్నం తినగలడు, లేకుంటే తినలేడు, అదీ వాని కత. అప్పటికే సగమైపోయినాడు మనిషి.

ఒకనాడు పొద్దుగూకినాక నన్నే ఎక్కించుకోని పోయినాడు. మానుకాడ ఆరిపాయె. దిగి, బానెట్టెత్తి, టెస్టరు పెట్టి చూస్తే కరెంటు బల్బుదాకా వస్తాంది, బల్బు బాగుంది, వెలగదు. అబద్ధం చెప్పుంటే ఏం పోయేది నాకు? తప్పు కారులో లేదురా ఓబులేసూ అనేసినా.

అప్పుడు కారు కిందనుంచి ముసలి గొంతు, కోపం కూడా లేదు దాంట్లో, మొదటిసారికి కాలే పోయింది నాయనా, అరిచినా, నీ ఇంజను మోతలో నీకు వినపళ్ళా, రెండోసారి ఎందుకొస్తివి, అని అడిగింది. వీడు ఏడుస్తా, నీ ఉలవల కోసమే కదవ్వా, అన్నాడు. అట్లయితే చెయ్యియ్యి, లేపు, అనింది. వాడు బొక్కబోర్లా పండుకోని కారు కిందికి దూరినాడు. నడుందాకా పోయినాక ఎవరో లాగినట్లు లోపలికి జారిపోతా, మామా, కాళ్ళు పట్టుకోని లాగు మామా, అని అరిచినాడు. వాని కాళ్ళు నాకు రెండడుగుల దూరం. నేను టెస్టరు పారేసి ఊర్లోకి పరిగెత్తినా.

తెల్లారి నలుగురితో పోతే కారు ఉన్నచోటే ఉంది, చేతి బ్రేకు ఏసింది ఏసినట్లే ఉంది, లైట్లు వెలుగుతానే ఉండాయి. వాణ్ణి బయటికి లాగితే ఒంటి మీద గీతంత గాయం లేదు, లోపల మాత్రం ఒక్క ఎముకా సరిగ్గా లేదు, ఉలవకట్టె ఎత్తినట్లు ఎత్తినారు.

ఇప్పుడు ఆ మానుకాడ పిలిచేది ఇద్దరు. ముసల్ది ఎవరినైనా పిలుస్తాది. రెండో గొంతు దస్తగిరి మామా అని నన్నొక్కణ్ణే పిలుస్తాదంట, విన్నోళ్ళు వచ్చి చెప్తారు, నేను ఊఁ అంటా.

మీరు పోవద్దండి ఆ పక్క. పోయినారో, లైట్లు ఆరినాయో, దిగొద్దు, నన్ను రిపేరుకు పిలవొద్దు. నేను రాను. వచ్చేవాణ్ణే అయితే ఆ పొద్దే వాని కాలు పట్టుకోని లాగేవాణ్ణి.