చల్లటి బండిలో చూసిన ఆయిల్

అది కాదు నాయనా, బండిలో ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే చివరిదాకా ఎండిపోయి ఉంది. ఎండిపోతే ఆయిల్ లేదనుకోక ఇంకేమనుకోవాలి? సరే, నువ్వు మెకానిక్కువి, నీ సంగతి వేరు. నేను దర్జీని. కుట్టుమిషన్ కిర్రుమంటే చుక్క ఆయిల్ వేస్తాం. ఇంకా కిర్రుమంటే ఇంకో చుక్క. అందులో ఆలోచించడానికేముంది?

కూర్చోమంటావా? కూర్చుంటాలే.

ముందు ఆ పానా కింద పెట్టు. నేను చెప్పేది మా కోడలి బండి సంగతి. అదే, పోయిన వారం నీ దగ్గరే సర్వీసింగ్ చేయించుకెళ్ళింది కదా, మావాడి పాత బండి. వాడు జ్వరమొచ్చి పోయాక అమ్మేయమని చెప్పనివాళ్ళు లేరు. అమ్మలేదు. పట్టుబట్టి నడపడం నేర్చుకుంది. కొండ మీద ఆసుపత్రిలో నర్సు. రోజూ ఆ మలుపులన్నీ ఎక్కి దిగాలి. తను ఇల్లు చేరేదాకా నేను మిషన్ ముందు కూర్చుని కుడుతున్నట్టు నటిస్తుంటాను. చెవులు మాత్రం వీధిలోనే ఉంటాయి.

నీ దగ్గర్నుంచి బండి తెచ్చిన రోజే జలుబు పట్టుకుంది పిల్లకి. సెలవు పెట్టి పడుకుంది. బండి మెట్ల కింద అలాగే పడి ఉంది. ఇవాళే మళ్ళీ డ్యూటీ. పొద్దున తను స్నానానికెళ్తే, దుమ్ము పట్టింది కదా, తుడుద్దామని గుడ్డ పట్టుకెళ్ళాను.

తుడిచినవాణ్ణి తుడిచి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. సీటు కింద పక్కగా ఆ ఆయిల్ డబ్బా ఉంటుందే, దాని మూత తిప్పి పుల్ల పైకి లాగాను. ఎండిపోయి ఉంది. ఆయిల్ లేకుండా నడిపితే ఇంజన్ పట్టేస్తుందని, నడుస్తున్న బండి అక్కడికక్కడే బిగుసుకుపోతుందని మావాడు ఎప్పుడో చెప్పాడు. ఆ మలుపుల్లో బిగుసుకుపోతే పిల్ల ఏం కాను? మూలన ఆయిల్ సీసా కనిపించింది. వంచేశాను. పుల్ల మీద పై గీత దాకా నిండాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

ఆమెకి చెప్పానా అంటావా? చెప్పలేదు. "మామయ్యా, ఇంట్లో ఏదైనా ముట్టుకోండి, బండి జోలికి మాత్రం రాకండి" అని నవ్వుతూనే చెప్పింది ఒకసారి. నవ్వుతూ చెప్పిందే గానీ, మాట మాటే కదా. చెప్తే కోప్పడుతుందని చేతులు కడుక్కుని లోపలికొచ్చేశాను. తను హెల్మెట్ పెట్టుకుని వెళ్తుంటే, నావల్ల ఇవాళ క్షేమంగా వెళ్తోందని కూడా అనుకున్నాను. చూడు నా బుద్ధి.

చొక్కాకి కాజాలు కుడుతుంటే ఫోనొచ్చింది. తనే. ఆయాసపడుతోంది. "మామయ్యా, కంగారు పడకండి. పడ్డాను" అంది.

పడ్డాను అన్నాక కంగారు పడకుండా ఎలా ఉంటారో నాకు తెలీదు. సూది ఎక్కడ పడేశానో కూడా గుర్తులేదు. మలుపులో వెనక చక్రం సర్రున జారిందట. బండి, తను కలిసి ఈడ్చుకుపోయారట. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే, ఇంకేం లేదు అంటుంది. ఆ రోడ్డు నువ్వూ ఎరుగుదువు. ఇటు కొండ, అటు లోయ. ఇటు పడింది. అటు పడి ఉంటే అన్న ముక్క నోటితో అనలేకపోతున్నాను.

లేచి చూసుకుంటే వెనక టైరంతా ఆయిలేనట. ఇంజన్ గాలి గొట్టంలోంచి పొంగి కారుతూనే ఉందట.

ఏమిటీ? ఉండు ఉండు, మెల్లిగా చెప్పు. బండి రోజుల తరబడి నిలబెడితే డబ్బాలో ఆయిల్ కిందికి, ఇంజన్ అడుగుకి దిగిపోతుందా? అంటే పుల్ల ఎండిపోయినా ఆయిల్ ఎక్కడికీ పోలేదన్నమాట. మరి ఎలా చూడాలి? స్టార్ట్ చేసి, బాగా వేడెక్కనిచ్చి, అప్పుడు ఆపి, కాసేపాగి, స్టాండు మీద ఒరిగించకుండా నిటారుగా నిలబెట్టి చూడాలా. ఇంజన్ తిరిగితే గానీ ఆయిల్ మళ్ళీ డబ్బాలోకి రాదు. నేను పోసింది నేను పోసినట్టే ఉండగా కిందున్నది కూడా పైకొచ్చింది. పట్టక పొంగింది. పొంగి టైరు మీద పడింది.

అయ్యో నాయనా. బాగున్న బండిని పాడుచేసి ఎక్కించానన్నమాట పిల్లని.

మంచినీళ్ళు వద్దులే. అసలు సంగతి ఇంకా చెప్పలేదు నీకు.

ఫోనులో అడిగింది. "మామయ్యా, ఇందులో ఎవరో చల్లటి బండి మీద చూసి ఆయిల్ పోశారు. మీరేమైనా పోశారా?" అని. కోపంగా కూడా కాదు, మామూలుగానే అడిగింది. నేనే పోశానమ్మా అని చెప్పడానికే నోరు తెరిచాను. ఒట్టు. కానీ బయటికొచ్చిన మాట వేరు. "మెకానిక్కు పోసుంటాడమ్మా" అన్నాను.

ఎందుకన్నానో నన్నడక్కు. కొడుకు పోయాక ఆమెకి నేనేమవుతాను చెప్పు? ఇంట్లో ఉండండి మామయ్యా అంది కాబట్టి ఉంటున్నాను. నీ ప్రాణం మీదికి తెచ్చింది నేనేనమ్మా అన్నాక కూడా అంటుందా ఆ మాట? అదే భయం. పొద్దున పోసిందీ భయంతోనే, అబద్ధమాడిందీ భయంతోనే.

"అతను ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తాడనుకున్నాను. చెప్తాను అతని పని" అని పెట్టేసింది. ట్రాలీ ఆటోలో బండి వేసుకుని తిన్నగా ఇక్కడికే వస్తోంది. ఆమె కంటే ముందు రావాలనే పరిగెత్తుకొచ్చాను. ఈ ఒక్కసారికి తప్పు నీ మీద వేసుకో నాయనా, అని అడుగుదామనే వచ్చాను. నీ మొహం చూశాక అడగలేకపోతున్నాను. అలా చేతులు తుడుచుకుంటూ చూడకు.

ఆగింది. అదే ఆటో. చేతికి కట్టు కట్టుకుంది చూడు. నడుస్తోంది, చక్కగానే నడుస్తోంది.

నువ్వు లేవకు. ఆమె నిన్నేమీ అనకముందే నేను చెప్పేస్తాను. నిజం చెప్పడానికే లేస్తున్నాను. కానీ ఇందాక ఫోనులో కూడా నిజం చెప్పడానికే నోరు తెరిచాను నాయనా.