అప్పలకొండమ్మ అరవాటా

అప్పలకొండమ్మెవరని అడుగుతావేటమ్మా భానూ? ఇలా కూకో, సెప్తాను. దాని మొగుడు మల్లేశూ నేనూ ఒకే పడవ. కలకత్తాలో, గార్డెన్ రీచ్ గట్టు మీద అప్పుడు మన జాలరోళ్ళ గుడిసెలు పాతికుండేవి. పడవ కోదండం మావది. వలా ఆడిదే. నోరూ ఆడిదే అనుకో. చేప గట్టుకొచ్చిందా, వాటాలు. పడవకొకటి, వలకొకటి, లాగినోడికి తలా ఒకటి. పడవ మీద సచ్చిపోయినోడి పెళ్ళానికి అరవాటా, అంటే సగం. మా తాతల కాణ్ణుంచి అదే కట్టుబాటు. మల్లేశు గాలివానకి నీళ్ళల్లో పోనాడా, కోదండం గొంతు సన్నం చేసి, 'ఆ కట్టుబాటు మనూళ్ళోనే పిల్లా, కలకత్తాలో రూళ్ళు వేరు' అన్నాడు. ఆడి రూళ్ళు మండా! ఆడి పడవ వాటా మాత్రం కలకత్తా దాకా ఈదుకొచ్చీసింది. నాలుగేళ్ళు అప్పలకొండమ్మ బుట్టట్టుకొచ్చి నిలబడ్డం, కోదండం అటు తిరిగి బీడీ ముట్టించడం.

అప్పుడొచ్చింది డెబ్బై ఎనిమిది వరద, దుర్గ పూజలకి ముందు. మన పక్కన మెటియాబ్రుజ్‌లో మోకాల్లోతు, ఏటికవతల ఊళ్ళకూళ్ళే ములిగిపోనాయి. పార్టీ దాదా ఒకడు రిక్షా ఎక్కొచ్చి, పంచె తడవకుండా ఎత్తుకోని, 'లిస్టు హొబే, షొబ్ హొబే' అన్నాడు. ములిగినోళ్ళ లిస్టవుతాదంట, అన్నీ అవుతాయంట. లిస్టుకి ఈతొస్తాదేటి? మేం పడవేసుకోని ఎల్లిపోయేం. కోదండమూ తెడ్డట్టేడు, అబద్ధమెందుకు. ఇళ్ళ కప్పుల మీంచి ముప్పైమందిని దింపుకొచ్చేం. గట్టు మీద కూకోబెట్టేక ఎవులింటికెవులు? బడి కూడా నీళ్ళల్లోనే ఉంది. వాటాలేసేం. నవ్వకమ్మా, మాకింకో లెక్క రాదు! 'మనిషికి సమానంగా పంచండ్రా' అన్నాడు కోదండం. ఆ రోజు మాత్రం సమానం! మీ నాయనమ్మ సన్యాసమ్మ నడుం మీద చెయ్యెట్టుకోని, 'పడవ వాటా ఎవులు తీసుకుంతారు మావా? వల వాటా?' అంది. 'వల తడవనేదు కదే!' అని ఏడుపు మొకమెట్టేడు. పడవ తడిసింది కదా? ఆడింటికి ఎనిమిదిమంది పడ్డారు. ఆడి పెళ్ళాం గంజి కాస్తూ ఆణ్ణి తిట్టని తిట్టు నేదు.

ఆకర్న ఓ ముసిల్ది మిగిలింది. నడుం పడిపోయింది, లెగనేదు, ఎత్తినోణ్ణీ దించినోణ్ణీ బెంగాలీలో కడిగేస్తంది. మేమందరం ఆకాశంకేసి సూత్తన్నాం. కోదండానికి బుర్ర ఎలిగింది. 'అప్పలకొండమ్మకిచ్చీండ్రా! దాని మొగుడు నా పడవ మీదే పోనాడు, దానికి అరవాటా ఉంది కదా!' అన్నాడు. అప్పలకొండమ్మ ఆడికేసి సూసి, 'పదిమందిలో అన్నావు మావా' అంది. 'అన్నానే, అట్టుకుపో' అన్నాడు. ముసిల్దాన్ని ఈపు మీదేసుకోని పోయింది. పన్నెండ్రోజులు కడిగింది, తుడిసింది, నోట్లో ముద్దలెట్టింది. అది తిడతానే తింది.

నీళ్ళు తీసేక మొదటి వేట. ఇలిసి పడింది, మన పులసే, ఎంత పడిందనుకున్నావు! వాటాలేస్తంటే అప్పలకొండమ్మ బుట్ట తెచ్చి మా బుట్టల వరసలో ఎట్టీసింది. 'ఏటే ఇది?' అన్నాడు కోదండం. 'ముసిల్దొచ్చినప్పుడున్న అరవాటా చేపొచ్చేసరికి ఏటైపోనాది మావా?' అంది. ఆడు వంగి, దాని బుట్టలోకి చేపలు తోసేడు. ఇచ్చేడు. సచ్చేదాకా ఇచ్చేడు.

నేనా? నేను నవ్వేను, అందరికన్నా గట్టిగా. అది నాకేసి తిరిగి, 'నువ్వెందుకు నవ్వుతావు సత్యారావన్నా? నాలుగేళ్ళు నా అరవాటా కోదండమొక్కడే తిన్నాడేటి?' అంది.

ఆరుగురం పంచుకున్నామమ్మా. మల్లేశు నా సావాసగాడు, ఇద్దరం ఒక కంచంలో తిన్నోళ్ళం. తెలిసే తిన్నాను.

తాగు, టీ సల్లారిపోతంది.