మెడ వైపు కూర్చోకు

ఆదివారం మధ్యాహ్నం, సెలవు. షెడ్డు వెనక పరీక్ష గది. ఇనప కుర్చీకి కట్టేసి ఉన్నవాడు ఆ చిన్న కంపెనీ యజమాని. కట్టేసినవాడు అతని బావమరిది, ఆ షెడ్డులోనే లేతు మిషను నడుపుతాడు. ఇద్దరి మధ్యా నిలువెత్తు సిలిండరు అడ్డంగా పడుకుని ఉంది. కంప్రెషర్ దాంట్లోకి గ్యాసు ఎక్కిస్తోంది. మిగతాది వాళ్ళ నోటనే వినాలి.

"ఉమ్మెయ్ బావా. ఊడిన పన్ను మింగకూడదు, ఉమ్మెయ్యాలి."

"కంప్రెషర్ ఆపరా."

"ఆపుతా. ఏడొందలు దాటాక ఆపుతా. ఏడొందల బార్ ఒత్తిడి తట్టుకుంటుందని ప్రభుత్వానికి రాసిచ్చావుగా. నువ్వు రాసింది నువ్వే నమ్మకపోతే ఎలా?"

"ఎంతుంది ఇప్పుడు?"

"రెండొందల పది. తొందరేముంది, కూర్చో."

"ఒరేయ్, నన్నేం చేసినా చెయ్యి. ముందు ఆ—"

"పదకొండు రోజులు నీ మాటే విన్నాను. ప్రమాదం రా, ఎవరి తప్పూ కాదు రా అన్నావు. అక్కని కాటికి పంపించేసి వచ్చిన రోజు నా భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చావు."

"ఆ ఏడుపు అబద్ధం కాదు."

"నోర్ముయ్."

"అబద్ధం కాద—"

"ముయ్యమన్నాను. ఈసారి స్పానర్ మూతి మీద కాదు, మోకాలి మీద పడుతుంది. ఇదిగో, ఇలా."

"అమ్మా."

"అమ్మ రాదు. అక్క కూడా రాదు. ఈ కాగితం ఎవరిది?"

"అది నీకెక్కడిది?"

"ఎవరిదని అడిగాను."

"నాదే."

"నిన్న నిధి ఆఫీసు నుంచి నకలు వచ్చింది. నువ్వు లేవు, నేను విప్పాను. చదవనా? ‘పరిశోధన నిధి కార్యాలయం వారికి. సిలిండరు చుట్టూ కార్బన్ దారం నలభై పొరలు చుట్టాల్సి ఉండగా, ఆఫీసరు గారు చూడటానికి వచ్చే తేదీకి పని తెమలదని నేను ముప్పై పొరలతో ఆపించాను. సిలిండరు నడుము దగ్గర పగిలింది. పరిశోధన నడిపిన నా భార్య దానివల్లే చనిపోయింది. తప్పు పూర్తిగా నాది.’ కింద సంతకం. నీదేనా?"

"నాదే."

"పది పొరలు మిగుల్చుకున్నావు."

"అవును."

"అవును అంటున్నాడు చూడు. కాస్త సిగ్గుపడుతూ అను."

"తప్పు నాదే అంటున్నాగా. కొట్టు. చంపుతానంటే చంపు. కానీ ఇక్కడ వద్దు, బయటికి ఈడ్చుకెళ్ళి చంపు."

"భయమేస్తోందా?"

"వేస్తోంది."

"అక్కకి వెయ్యలేదు. మూడొందల చిన్న కంపెనీలు అర్జీ పెడితే పన్నెండు కంపెనీలకే దక్కింది ఆ నిధి. ఉత్తరం వచ్చిన రోజు నన్ను లేతు దగ్గర్నుంచి చెయ్యి పట్టుకు లాగి, పెద్ద పెద్ద కంపెనీలు తల బద్దలుకొట్టుకున్నది మనం ముగ్గురం చేస్తాం రా అంది. హైడ్రోజన్‌తో నడిచే బస్సులన్నిటికీ మన సిలిండర్లే అంది. అమ్మ పోయాక నాకు తల దువ్వి బడికి పంపిన మనిషి బావా. దాన్ని పది పొరల దారానికి అమ్మేశావు."

"ఎంతుంది?"

"మూడొందల నలభై. మళ్ళీ మళ్ళీ అడక్కు, నేనే చెబుతాలే."

"ఎటు పోతున్నావు?"

"ఎటూ పోవట్లేదు. ఇదిగో, ఇక్కడ కూర్చుంటున్నా. నువ్వు పోవడం దగ్గర్నుంచి చూడొద్దూ?"

"అక్కడ కాదు. లే."

"ఏం?"

"చూడాలంటే తలుపవతల అడ్డుగోడ వెనక్కి పోయి అద్దపు కిటికీలోంచి చూడు."

"సిలిండరు నడుము నీ వైపుంది. పగిలితే నీకే. నేను మెడ దగ్గరున్నాను. మూతికి బిగించిన ఈ మెడ నా లేతు మీద నేను కోసింది, మర కూడా నేనే తీశాను. దీనికి వీపు ఆనించి కునుకు తీయగలను."

"మెడ వైపు కూర్చోకురా."

"ఎందుకు?"

"ఊరికే. ఎవరూ కూర్చోరు అటు."

"కట్టేసి కొడుతున్నవాడి మీద ఇంత బెంగేంటి బావా? ప్రేమ పొంగుకొచ్చిందా?"

"ఇటు రా. నా పక్కకి రా. ఆ స్పానర్‌తో తల పగలగొట్టు. మెడ వైపు మాత్రం వద్దు."

"ఏదో దాస్తున్నావు."

"ఏం లేదు."

"వేలు విరిస్తే చెబుతావా?"

"ఏం లేదంటున్నాగా."

"చిటికెన వేలు. చెప్పు."

"ఏం లే— అమ్మా. అమ్మా."

"రెండోది?"

"పది వేళ్ళూ విరిచినా ఏం లేదు. ఇక్కడే ఉండు, ఇక్కడే ఉండి విరువు. మళ్ళీ అటు పోతావేంరా?"

"నువ్వు ఉండమన్న చోట నేనుండను. నాలుగొందల అరవై."

"అంత వచ్చిందా?"

"సూది పరిగెడుతోంది."

"నడుము పగల్లేదురా."

"ఏంటి?"

"ఆ కాగితంలోది అబద్ధం. నలభై పొరలూ చుట్టాం. నడుముకి గీత కూడా పడలేదు. మెడ ఊడింది."

"నా మెడ ఊడదు."

"ఊడింది. మీ అక్క భుజాన్ని పట్టుకుపోయి ఎదురు గోడలో దిగబడింది. నేనే గునపం పెట్టి పెకలించాను."

"చావుకి భయపడి నా మీదికి తోస్తున్నావు. మొదటి సిలిండరుని నీళ్ళు నింపి ఎనిమిదొందల దాకా ఎక్కించలేదూ? మెడ కదిలిందా? మెడలు కోసింది అదే కడ్డీ నుంచి, అదే లేతు, అదే చెయ్యి."

"అదే కడ్డీ కాదు. కడ్డీల కొసకి రంగెందుకు పూస్తారు?"

"నాకే పాఠాలా? గట్టి రకానికి ఎరుపు, మెత్త రకానికి నీలం."

"నువ్వు ఏ కొస నుంచి కోస్తావు?"

"రంగున్న కొస నుంచే. రాక్‌లో అదే బయటికుంటుంది, చేతికందేది అదే. దానికేం?"

"రంగు ముక్క ముందే కోసేస్తే, మిగిలిన కడ్డీ ఏ రకమో ఎలా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. నాకు… పట్టుకుంటే తెలుస్తుంది."

"రాక్‌లో రంగు లేని కడ్డీలు రెండున్నాయి. మొదటి మెడ కోసినప్పుడు ఎర్ర రంగు ఇంకా ఉంది. ఆఫీసరు వస్తున్నాడని హడావిడిగా కోసిన రెండు మెడలూ నీలం కడ్డీవి. పెకలించిన ముక్కని లాబ్‌కి పంపించాను. మెత్త రకమే."

"రెండు మెడలూనా?"

"ఒకటి మీ అక్కని తీసుకుపోయింది. రెండోది నీ వీపు వెనకుంది. మీ అక్క మీదికొచ్చినది ఊడింది అయిదొందల ముప్పై దగ్గర. ఎంతుంది?"

"నేనే కోశాను బావా."

"ఎంతుందిరా?"

"అయిదొందలు."

"లే. కంప్రెషర్ ఆపు. ఆపి గ్యాసు వదిలే వాల్వు నెమ్మదిగా తిప్పు."

"అక్కని నేనే చంపానా?"

"తర్వాత మాట్లాడుకుందాం, ముందు లే. అదీ. ఇటెందుకొచ్చావు? తాడు కొయ్యకు, వాల్వు చూడు. ఒరేయ్, నన్నెక్కడికి నెడుతున్నావు? గడియ పెట్టకు. తలుపు తియ్యి."

"గోడ వెనక్కి పో బావా. నీకేం కాదు."

"తలుపు తియ్యరా."

"అయిదొందల ఎనిమిది. మెడకి వీపు ఆనించాను. నువ్వన్నది నిజమైతే ఎంతోసేపు పట్టదు."

"నీకు చెప్పనని మాటిచ్చాను. చచ్చినా చెప్పనన్నాను. తలుపు తియ్యి."

"ఎవరికిచ్చావు?"

"మీ అక్కకి. మెడ ఊడటం కళ్ళారా చూసింది, ఎందుకు ఊడిందో తనకి అప్పుడే తెలిసిపోయింది. ఆస్పత్రిలో ఉన్న ఆ రెండు రోజులూ నిన్ను లోపలికి రానివ్వద్దంది. నీ మొహం చూస్తే దాచలేనంది."

"అయిదొందల పన్నెండు."

"ఆ కాగితంలో ఒక్క అక్షరం నాది కాదురా. తను చెబుతుంటే నేను రాశాను. నడుము పగిలిందని రాయి, పొరలు తగ్గించానని రాయి, తప్పు నీ మీద వేసుకో అంది. ‘వాడు నిన్ను కొడతాడు, పడు. చంపడానికొచ్చినా చెప్పకు. నేను చేతులారా పెంచాను, వాడు ఉండాలి’ అంది. వింటున్నావా? ఒరేయ్. ఎంతుంది?"

"కళ్ళనిండా నీళ్ళే బావా, సూది కనబడట్లేదు. వాల్వు ఎటు తిప్పాలి?"