వదులు మట్టి

నన్నే అంటావేంటక్కా? మొగ్గలు విచ్చుకుపోతే నేనేం చెయ్యను? విత్తనాలు తెచ్చింది నువ్వు, నారు పోసింది నువ్వు, పెరట్లో నాటింది నువ్వు. నీళ్ళు పోసిన పాపానికి ఇప్పుడు నేను దొంగనా?

కూర్చోను. కూర్చోలేను. అదిగో, ఫోను మళ్ళీ మోగుతోంది. ఆ హాస్టలు వాళ్ళే అయ్యుంటారు. వంటింటి పెద్దగా నువ్వు వెళ్ళకపోతే అక్కడి పిల్లలు పస్తులుంటారు కాబోలు! "పెరట్లో ఆ బుల్లి క్యాబేజీలు, బ్రసెల్స్ స్ప్రౌట్స్ వేశాను, ఒక్కసారి మా ఇంట్లో వండిపెట్టి వచ్చేస్తా" అని నిన్నెవరు మాటివ్వమన్నారు? బావగారు పోయి ఏడాది తిరిగిందో లేదో, అప్పుడే నీకీ ఇల్లు ఇరుకైపోయింది.

లేదులే, తప్పు. ఇరుకని నువ్వనలేదు. "నాదంటూ ఒక పని కావాలి" అన్నావు. నాకు మాత్రం రెండూ ఒకలాగే వినిపించాయి.

ఎండ వల్లే అనుకుంటా. క్యాబేజీ జాతి కదా, చలి కావాలి. లేకపోతే ఆ విత్తనాలే మంచివి కావేమో. ఎదురింటి టైలరు కూడా అన్నాడు, కాడకి బొత్తాలు కుట్టినట్టు రావాల్సినవి ఇలా గులాబీల్లా విప్పారాయేంటమ్మా అని. ఏంటీ, ఆడలేక మద్దెల ఓడంటున్నానా? అను, అను. నీ నోటికి అడ్డేముంది!

అక్కా... ఏంటలా మొక్క మొదట్లో మడమతో నొక్కి చూస్తున్నావు?

దిగిపోయిందా కాలు?

వాన పడింది కదా. అంటే, చినుకులే అనుకో. ఎలుకలు తవ్వాయేమో! అబ్బా, అలా చూడకు. నాటిన రోజు నువ్వే కదా నేర్పావు, మట్టి గట్టిగా తొక్కాలి, వేళ్ళు కదిలాయంటే మొగ్గ ముడుచుకోదు అని. ఒకరి భుజం ఒకరం పట్టుకుని తొక్కలేదూ? నవ్వి నవ్వి కడుపు నొప్పొచ్చింది కూడా.

సరే. నేనే. రోజూ పొద్దున్నే నువ్వు స్నానానికి వెళ్ళగానే చిన్న పార పుచ్చుకుని మొదళ్ళన్నీ గుల్ల చేసేదాన్ని. పంట రాకపోతే నువ్వు కదలవనుకున్నాను. అత్తమీద కోపం దుత్తమీద చూపించానంటావా? అంతే అనుకో. తోడికోడళ్ళు ఒక పొయ్యి దగ్గర ఇమడరంటారు. మనం ఇమిడాం కదా, కొట్టుకుంటూనే. మీ మరిది సంగతి నీకు తెలీదా? కంచం ముందు కూర్చుంటే ఊఁ, లేస్తే ఆఁ. నువ్వెళ్ళాక నేనెవరితో పోట్లాడను? భయమేసిందక్కా. సిగ్గు విడిచి చెప్తున్నా, భయమేసింది.

తిట్టు. తిడితే బావుణ్ణు.

ఇలా రా. గోడ వారనున్న ఆ మొక్క చూడు. దాని జోలికి మాత్రం పోలేదు. పార పట్టుకుని రోజూ దాని దాకా వెళ్ళేదాన్ని, చెయ్యి ఆడేది కాదు. తొక్కి చూడు, మట్టి రాయిలా ఉంది. మొగ్గలు గోలీల్లా బిగిశాయి. ఒక పూట కూరకి చాలు.

కింది నుంచి కోసుకురా. నేను పొయ్యి వెలిగిస్తాను. వాళ్ళకి ఫోను చేసి చెప్పు, వస్తున్నానని.

ఉప్పు మాత్రం నేనేస్తాను. నీ చెయ్యి ఎప్పుడూ ఎక్కువే. ఇకమీదట ఆ హాస్టలు పిల్లల ఖర్మ.