లేసుల్లేని బూట్లు

అమ్మ పోయాక నాన్నా కూతురూ ఏటి వెంట జలపాతం దాకా నడవడం ఇదే మొదటిసారి. పసిపిల్లలు కూడా నడిచే దారి. అయినా మలుపు వచ్చినప్పుడల్లా నాన్న ఆగి, బూట్ల మీదికి వంగుతున్నాడు.

"మళ్ళీ ఏమైంది నాన్నా?"

"లేసు ఊడిందమ్మా. నువ్వు పద, వస్తా."

"వీటికి లేసుల్లేవు నాన్నా. పోయిన వారం నేనే కదా కొన్నాను."

నాన్న వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"మీ అమ్మకి మోకాళ్ళు పట్టేసేవి. ఆగుదామంటే రోషం. 'నేనేమన్నా ముసలిదాన్నా' అని ఇంతెత్తున లేచేది. అందుకని లేసు వంక పెట్టేవాణ్ణి."

"అమ్మకి తెలుసు నాన్నా."

"ఏం తెలుసు?"

"'మీ నాన్నకి ఇన్నేళ్ళొచ్చినా ముడెయ్యడం రాదు పాపం' అని నాతో నవ్వేది. 'కట్టుకోనీ, ఈలోగా నేను అందుకుంటా' అనేది."

నాన్న వెనక్కి తిరిగి చూశాడు. దారి ఖాళీగా ఉంది.

"పోదామా నాన్నా?"

"కాస్త ఆగు తల్లీ. ఈ మలుపు కొంచెం ఎత్తు. తనకి టైం పడుతుంది."

కూతురు పక్కనే వంగి, గట్టిగా ఉన్న తన లేసులు రెండూ విప్పి, నిదానంగా మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టింది.