అటక మీది ఉన్ని చుట్టలు

హాలిఫాక్స్‌లో రాతి ఇళ్ళ వీధి. ఇల్లు ఎంత వేడి నిలుపుకుంటుందో చూసి గ్రేడు ఇచ్చే మనిషి అటక మీంచి నిచ్చెన దిగాడు. ఇల్లు అద్దెకిచ్చిన ముసలావిడ కింద నిలబడి ఉంది.

“జి గ్రేడే వచ్చేలా ఉందండీ.”

“జి నా? అది అన్నిటికన్నా అడుగుది కదయ్యా!”

“అవునండీ. కనీసం ఇ గ్రేడు అయినా రాకపోతే అద్దెకివ్వకూడదు.”

“ముందు నీ కళ్ళు చూపించుకో. చలి ఆగాలని అటకంతా ఉన్ని పరిపించాను. మా ఆయన క్లిఫర్డ్ మూడు ఆదివారాలు పైనే ఉండి పరిచాడు.”

“ఉన్ని ఉందండీ. పరిచి మాత్రం లేదు. పన్నెండు చుట్టలకీ ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.”

“ఏమిటీ!”

“సోఫాలా పేర్చి ఉన్నాయి. పక్కన రేడియో, టీ కప్పు, క్రికెట్ పేజీ మడిచిన పేపరు.”

“అబద్ధం! ఒళ్ళంతా దుమ్ముతో దిగేవాడు. పాపం అలిసిపోయాడని మాంసం కూరిన రొట్టె రెండో ముక్క కూడా నేనే పెట్టేదాన్ని!”

“పైన దుమ్ముకేం తక్కువ లేదండీ.”

“దొంగ మొహం! ఇప్పుడు అడుగుదామన్నా సమాధిలో పడుకున్నాడు.”

“ఎన్నేళ్ళయింది, ఇదంతా జరిగి?”

“ఎనిమిది… అయ్యో దేవుడా.”

“ఏమైందండీ?”

“ఎనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్న బెథనీ చలి, చలి అని ఫోన్ చేస్తూనే ఉంది. అటకంతా ఉన్ని ఉంది, చలెక్కడిది, ఇంకో స్వెట్టర్ వేసుకో అని కసిరాను.”

“ఇందాక నాకు తలుపు తీసింది ఆవిడేనా?”

“ఆవిడే. ఏం?”

“మూడు వేసుకుని ఉందండీ.”