యొర్దానుకు పోని విశ్వాసమ్మ

ఏం పాపా, అప్పటినుంచి ఆ ఫోన్లో ఒకే తావ చూస్తాండావు. చదువు, ఈ తాత యింటాడు. 'ఎప్పుడైనా అరెస్టయినారా.' ఓ, అదా. లండన్‌కు నర్సు పనికి పోతానంటే అది కూడా అడుగుతారా. నిరుడు జీతాల కోసం ధర్నాలో కూచున్నందుకు మిమ్మల్ని వ్యానెక్కిచ్చిరి కదా, దానికా నీ దిగులు. కూచో మహిమా. మీ అవ్వ విశ్వాసమ్మ కూడా ఇట్లనే ఈ ప్రశ్న కాడ ఆగిపోయింది. నువ్వప్పుడు చంకబిడ్డవి, నీకేం గుర్తుంటాది.

మీ అవ్వని అరెస్టు చేసినారంటే నవ్వుతావు. నువ్వు పుట్టకముందు ఒక యేడు సుగ్గికని కూలికి వలస పోయి, గుంటూరు దిక్కు మిరపకాయలు కోసి కోసి చేతులు మండతా మన కోసిగికి తిరిగొస్తే, మన వీధిలో తాగను చుక్క నీళ్లు లేవు. మొగోళ్లం అరుగు మీద కూచొని మాట్లాడుకుంటానే ఉండాం. ఆడోళ్లు పోయి బిందెలు రోడ్డుకడ్డం పెట్టి కూచున్యారు. బస్సులు నిలబడిపోయినాయి. పోలీసులొచ్చి జీపెక్కమంటే, 'నా బిందె కూడా ఎక్కాల, లేకుంటే నేనెక్కను' అనిందంట మీ అవ్వ. జీపులో పడి ఆ బిందె సొట్టపోయింది, అది వేరే సంగతి. పొద్దు గూకేదాకా స్టేషన్లో కూచోబెట్టి, బొరుగుల ఉగ్గాని పెట్టి, ఇంక పొమ్మన్యారు. కేసు లేదు, ఏం లేదు. ఆ తర్వాతనే మన వీధికి కొళాయి వచ్చినాది.

ఇంక చర్చిలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు లెయ్యండి అంటే మొదట లేసేది ఆమే. 'బైబిల్లో పౌలు సీలలు చెరసాలలో పాడినట్ల నేనూ స్టేషన్లో పాడినా' అని. పాడిందో లేదో నాకు తెలీదు. ఏసుకుమార్ పాస్టరు గడియారం చూసుకుంటాండె, ఈమె చెప్తానే ఉండె.

అట్లాంటి మనిషి యెరూషలేము యాత్రకు పేరిచ్చింది. సంఘమోళ్లు పోతాండారని మేమూ మేకలమ్మినాం. ఏసు మునిగిన యొర్దాను నదిలో ఒక్క మునక మునగాల, అదే ఆమె కోరిక, రోజూ ప్రార్థనలో అదే. కర్నూల్లో ఏజెంటు, రాజశేఖర్ అని, ఫారం నింపతా ఈ అరెస్టు మాటే అడిగినాడు. 'ఆ, అయినాను' అనింది, గొప్పగా. ఆయప్ప పెన్ను కింద పెట్టినాడు. 'కేసు లేదు కదా పెద్దమ్మా, లేదని రాస్తా.' 'అట్లెట్ల రాస్తావు నాయనా, ఇన్నేండ్లు దేవుని ముందర లేసి చెప్పిందంతా అబద్ధమా?' సరే, అయిందనే రాసినాడు. అయితే స్టేషన్ కాగితం తెమ్మన్యారు వీసావాళ్లు. పోయినాం. ఆడ కొత్త ఎస్సై. 'నీ పేరు యాడా లేదమ్మా, నిన్నెవురూ అరెస్టు చెయ్యలేదు, పో' అన్యాడు. 'ఏమప్పా, ఇదో ఈ గోడకాడనే కదా నా బిందె పెట్టింది. ఉగ్గానిలో ఉప్పు లేదని మీవాళ్లకు చెప్పింది నేనే కదా.' అరెస్టు చెయ్యలేదంటే కొట్లాడిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలా.

దారంతా బతిమలాడినా. కాగితం లేనిదాన్ని లేదంటే పాపమేముందే అని. 'కాగితం లేకుంటే జరగనట్లేనా, మరి కొళాయి ఎట్లొచ్చె?' అనింది. అంతే. ఆమెకు వీసా రాలా. నాకొచ్చింది. నాకేం అరెస్టు, అరుగు మీద కూచున్నోన్ని. 'నువ్వన్నా పోయిరా, నా పేరు చెప్పి ఒక మునక ఎక్కువ మునుగు' అనింది. నేను పోలా. నాకు వీపు రుద్దేది ఆమె, ఆమె లేకుండా నేను ఏ నదిలో మునిగేది.

సంఘమోళ్లు యాత్రకు పోయిన వారం మాత్రం ఆమె సాక్ష్యానికి లేవలా. ఒళ్లో చేతులు పెట్టుకొని కూచునింది. పాస్టరే రెండుసార్లు ఈమె దిక్కు చూసినాడు.

తిరిగొచ్చినాక వాళ్లల్లో జ్ఞానమణక్క సీసాలో యొర్దాను నీళ్లు తెచ్చిచ్చింది. మూత తీసి, వాసన చూసింది. ఏడుస్తాదేమో అనుకుంటి. లేసి పోయి, కొళాయికాడ వరసలో ఉన్న బిందెల్లో తలా కొంచెం పోసింది. 'తాగండి మే, అందరం పోయొచ్చినట్లే' అనింది.

నీకైతే పట్టుకపోయి వదిలినట్లు స్టేషన్లో కాగితమిచ్చినారు కదా. మీ అవ్వకు లేనిది అదే. అయినానని రాసి, దాన్ని జత చేసి పంపు. వీసా వస్తాదో రాదో నాకేం తెలుసు. రాకుంటే... ఉండు, ఆ చప్పుడు ఇను. నీళ్లొచ్చినట్లుండాయి. ఫోను పక్కన పెట్టి పో పాపా, ఆ సొట్టబిందె ముందర పెట్టు.